బర్మా మాట పట్టే రేడియో

నేను ఒక షార్ట్‌వేవ్ రేడియోని. అందులోనూ చవక రకం. ఈ రెండో సంగతి ముందుగా నేనే చెప్పేస్తున్నాను. నన్ను చూసినవాళ్ళెవరూ అది నా మొహాన అనకుండా ఊరుకోలేదు కాబట్టి.

సముద్రం అవతల ఎక్కడో ఒక పొడవాటి షెడ్డులో పుట్టాను. బల్లల ముందు వరసగా కూర్చున్న ఆడపిల్లల్లో ఒకమ్మాయి రాగితీగ చుట్టింది, ఒకమ్మాయి సీసం కరిగించి అతికించింది, చివరి అమ్మాయి నన్ను చెవి దగ్గర పెట్టుకుని ముల్లు అటూ ఇటూ తిప్పి, ఆవులించి, అట్టపెట్టెలో పడేసింది. నా మొట్టమొదటి శ్రోత ఆవులించింది. మనుషుల సంగతి నాకు అప్పుడే అర్థమై ఉండాల్సింది.

అక్కడినుంచి ఓడ ఎక్కి, లారీ ఎక్కి, విజయనగరం గంటస్తంభం దగ్గర పట్నాయక్ గారి షాపులో తేలాను. ఇస్త్రీపెట్టెలకీ టేబుల్ ఫ్యాన్లకీ మధ్య నన్ను నిలబెట్టారు. వచ్చినవాడల్లా నన్ను దించమనేవాడు. తిరగేసి చూసేవాడు. నా ఏరియల్‌ని చివరిదాకా లాగి వదిలేవాడు. "కిరికెట్టొత్తాదా?" అనేవాడు. వస్తుందని పట్నాయక్ గారు అనేవారు. "లైట్లెలగవా?" వెలగవు. అంతే, నన్ను మళ్ళీ అరమీద పెట్టించి వెళ్ళిపోయేవాడు. ప్రపంచంలో సగం దేశాల మాటలు పట్టుకోగల యంత్రాన్ని పట్టుకుని లైట్లు వెలుగుతాయా అని అడగడం! నా ఒళ్ళు మండిపోయేది.

అలాంటి రోజుల్లో దాలినాయుడు వచ్చాడు. ఆర్టీసీ కండక్టరు. కిక్కిరిసిన బస్సులో ఎవరు ఎక్కడ ఎక్కారో, ఎక్కడ దిగాలో మరిచిపోని మనిషి. షాపులో అడుగుపెట్టేసరికి మాత్రం ఆ బుర్ర ఎక్కడ దిగిపోయేదో తెలియదు.

"మా యమ్మకి పచ్చవాతం వొచ్చిందండి," అని మొదలుపెట్టాడు. "సెయ్యి కొంచెం కదుపుతోంది. మాటొచ్చింది గానీ తెలుగు రాలేదండి."

పట్నాయక్ గారు కళ్ళద్దాలు పైకి జరిపి చూశారు.

విషయం ఇది. దాలినాయుడి తల్లి సింహాద్రమ్మ రంగూన్లో పుట్టింది. అక్కడి వీధుల్లో ఆడుకుంది, అక్కడే పెళ్ళాడింది, మొగుడితో కలిసి అక్కడే పచారీ దుకాణం నడిపింది. ఆ దేశంలో సైన్యం గద్దెనెక్కి దుకాణాలన్నీ స్వాధీనం చేసుకున్నాక, మొగుడి వెంట, చంకలో దాలినాయుడితో ఓడెక్కి వచ్చేసింది. వచ్చిన దగ్గర్నుంచీ పిల్లాడితో తెలుగే మాట్లాడింది. వాణ్ణి ఎవరూ 'బర్మావోడు' అని ఏడిపించకూడదని ఆమె పంతం. బర్మా మాటలు మొగుడికీ తనకీ మధ్యే ఉండేవి. ఆ మొగుడు పోయి చాలా కాలమైంది. ఇప్పుడు జబ్బు వచ్చి తెలుగుని తుడిచిపెట్టేసింది, అడుగున ఉన్న బర్మా భాష పైకి తేలింది. ఇంట్లో ఆమె మాట తెలిసినవాళ్ళు ఎవరూ లేరు. తన మాట ఎవరికీ అందడం లేదని తెలిసిందో ఏమో, ఆమె కంచం తోసేయడం మొదలుపెట్టింది. ఇలాగే పోతే ముక్కులోంచి గొట్టం వెయ్యాల్సి వస్తుందని డాక్టరు చెప్పాడట. ఆ భాష చెవిన పడితే మనిషి కాస్త నిలదొక్కుకోవచ్చునని కూడా ఆయనే అన్నాడట.

"బర్మా మాట పట్టే రేడియో కావాలండి," అన్నాడు దాలినాయుడు. "మరీ ఎక్కువ పెట్టలేను."

ఇంత చక్కగా తన అవసరం చెప్పిన మనిషి ఏం చేయాలి? నన్ను తీసుకుని వెళ్ళాలి. అలా జరిగితే ఈ కథే లేదు.

ముందు అంకెలు కనబడే డిజిటల్ రేడియో దించమన్నాడు. దాని ధర విని, వేడి గిన్నె ముట్టుకున్నట్టు వెనక్కి పెట్టేశాడు. తరవాత నన్ను దించాడు. నా తరవాత, మొన్ననే వచ్చిన ఎర్ర పెట్టెని దించాడు. అది మెరుస్తుంది, దానికి లైట్లు వెలుగుతాయి, మొహం మీద బంగారు అక్షరాలతో 'పన్నెండు బ్యాండ్లు' అని ఉంటుంది. నా మీద మూడే. మూడు గొప్పా పన్నెండు గొప్పా? లెక్క చిన్నపిల్లాడికైనా తెలుసుననుకున్నాడు. ఆ పన్నెండూ పీలికలని, పీలికకీ పీలికకీ మధ్య బోలెడు జాగా వదిలేశారని, నా మూడూ ఎక్కడా తెగని తానులని నేనెలా చెప్పను? నాలోంచి ఊళ్ళో వాళ్ళందరి మాటలూ వస్తాయి, నా మాట తప్ప.

ఆ రోజు ఏదీ కొనలేదు. మర్నాడు వచ్చాడు, కొనలేదు. డిపోలో డ్రైవరు టేప్‌రికార్డరైతే మంచిదన్నాడట. బావమరిది ఇంకా పెద్దది చూడమన్నాడట. వచ్చినప్పుడల్లా మా ముగ్గుర్నీ బల్లమీద వరసగా పెట్టడం, నడుం మీద చేతులు వేసుకుని పెళ్ళిచూపుల్లో మేనమామలా చూడడం, నిట్టూర్చి వెళ్ళిపోవడం. అక్కడ ఇంట్లో మనిషి అన్నం మానేసి పడుకుని ఉంటే!

చివరికి ఒక సాయంత్రం ఎర్రపెట్టెని కొనుక్కుపోయాడు. పట్నాయక్ గారు నన్ను అరమీదికి నెడుతూ, "నువ్వెవరికి పనికొస్తావే?" అన్నారు. ఆయనకి జవాబు రెండు రోజుల్లో దొరికింది.

జవాబు పేరు వరహాలమ్మ. దాలినాయుడి భార్య. ఎర్రపెట్టెని సంచిలోంచి తీసి ఠపీమని బల్లమీద పెట్టింది. వెనకాల మొగుడు గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

"ఇది మాకొద్దు. మార్చండి."

"అమ్మిన సరుకు మార్చమమ్మా. బోర్డు చూడండి."

"బోర్డు మీరు సూసుకోండి. బర్మా మాటొత్తాదని సెప్పి ఇచ్చినారా లేదా? ఇందులో పాటలొత్తన్నాయి, పేడా పురుగుమందుల సంగతులొత్తన్నాయి. బర్మా ఏ మూలుంది ఇందులో?"

"షార్ట్‌వేవుందమ్మా, మీకు తిప్పడం..."

"నాకు తిప్పడం రాదు. మీకొచ్చు కదా, తిప్పి సూపించండి. నానిక్కడే కూకుంటాను."

అని మెట్టుమీద కూర్చుంది. పట్నాయక్ గారు తిప్పారు. ఎర్రపెట్టె గొర్రెలా అరిచింది, పాముల్లా బుసకొట్టింది, లైట్లు మాత్రం భేషుగ్గా వెలిగించింది. ఆయన నుదుటికి చెమట పట్టాక వరహాలమ్మ లేచి, అరకేసి చూసింది.

"ఆ నల్లదివ్వండి."

నల్లది అంటే నేను. నన్ను తీసుకుని షాపు బయటికి, ఎండ వాలిన వైపుకి నడిచింది. ఏరియల్ లాగింది. లాగి వదిలేయలేదు, నెమ్మదిగా ఒక్కో గొట్టమే తీసింది. ముల్లు చాలా మెల్లగా, అన్నం మెతుకు పట్టి చూసినట్టు తిప్పింది. గరగరల అడుగున ఎవరిదో సన్నని ఆడగొంతు వినబడింది. ఏ భాషో ఆమెకి తెలియదు, అది బర్మా భాషా కాదు. అయినా ఆమె చెయ్యి ఆగింది. గాలి మళ్ళినట్టు ఆ గొంతు పోయి మళ్ళీ వచ్చింది.

"గరగరలాడితే ఆడనీ," అంది. "దీన్లో మడుసుంది."

అప్పుడు మొగుడికేసి తిరిగింది. "మీ యమ్మ మాట నేర్సుకోడానికి ఇన్నేళ్ళూ నీకు తీరిక లేకపోయింది. రేడియో కొనడానికైనా తీరిక సేసుకోవాలి కదా! మెరుస్తున్నాదని తెచ్చీసినావు."

దాలినాయుడు తల వంచుకుని లోపలికెళ్ళి, ఎర్రపెట్టెని పట్నాయక్ గారి ముందుకి జరిపాడు. బస్సులో చిల్లర కోసం పోట్లాడేవాళ్ళకి కూడా ఆయన అంతలా తల వంచి ఉండడు.

ఇంటికి చేరానో లేదో మళ్ళీ మొదలు. ఆ సాయంత్రం నన్ను సింహాద్రమ్మ మంచం పక్కన స్టూలు మీద పెట్టారు. ఆమె సన్నగా, తెల్లగా, గోడవైపు తిరిగి పడుకుని ఉంది. నా ముల్లు దాలినాయుడి చేతికి వచ్చింది. ఇక చూసుకోండి, చైనా వచ్చి వెళ్ళిపోయింది, అరబ్బులు వచ్చి వెళ్ళిపోయారు, ఎవరిదో ప్రార్థన సగంలో తెగిపోయింది. కావలసిన చోటుని మూడుసార్లు దాటించాడు. ఇదిగో ఇక్కడే, ఇక్కడే అని నేను కుయ్యోమంటే, "సెడిపోయినట్టుంది" అన్నాడు!

"ఇటియ్యి," అని వరహాలమ్మ లాక్కుంది.

ఆమె వేళ్ళకింద నేను కుదుటపడ్డాను. కాసేపటికి ఒక మగగొంతు, వార్తలు చదివే గొంతు, తేటగా నిలబడింది. భాష అదేనని ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. గోడవైపు తిరిగి ఉన్న ముసలమ్మ భుజం బిగుసుకుంది. మెల్లగా ఇటు తిరిగింది.

దాలినాయుడు ఆనందబాష్పాలకి సిద్ధంగా ఉన్నాడు. నేనూ సిద్ధంగానే ఉన్నాను. ఇంత అవమానపడ్డాక ఆ మాత్రం గౌరవం నాకు దక్కాలి.

సింహాద్రమ్మ నన్ను తిట్టింది.

బాగున్న చేయి ఎత్తి, వేలు ఆడిస్తూ, గుక్క తిప్పుకోకుండా తిట్టింది. ఆ వార్తలు రంగూన్ సర్కారువి. ఆ చదివేవాడి గొంతులో ఎవరు కనిపించారో గాని, తన దుకాణానికి తాళం వేసి పోయినవాణ్ణి పట్టుకుని అడుగుతున్నట్టుంది ఆమె వాలకం. వాడు వార్త చదవడం, ఈమె జవాబు చెప్పడం.

"ఆపీయే వరాలూ! బీపీ పెరిగిపోతాది!" అన్నాడు దాలినాయుడు.

"ఉండు," అంది వరహాలమ్మ. "గోడతో కాదు, ఇన్నాళ్ళకి ఒక మడిసితో మాటాడతన్నాది. మాటాడనీ."

అప్పటినుంచి రోజూ పొద్దుటా సాయంత్రం ఇదే తంతు. వేరే దేశాలనుంచి వచ్చే బర్మా వార్తలూ పట్టింది వరహాలమ్మ. వాటిని ముసలమ్మ నెమ్మదిగా వినేది, ఒక్కోసారి తల ఊపేది. రంగూన్ వస్తే తిట్టేది. తిట్లన్నీ తినేది నేనే. నా స్పీకరు జాలీ మీద ఆమె వేలుతో పొడిచిన సొట్ట ఇప్పటికీ ఉంది. పోనీ, అంతా ఓర్చుకున్నాను. కాని అన్నం మాత్రం తినడం లేదు. కంచం పెడితే ముఖం తిప్పుకుని, "తమిన్ మసాబూ" అనేది. నాలుగు చెంచాల గంజి పోతే గొప్ప. ఆస్పత్రికి తీసుకెళ్ళే రోజు ఖాయమైంది. దాలినాయుడు సెలవు పెట్టాడు.

ఆ పొద్దున్న వరహాలమ్మ వంటింట్లో ఉంది. నేను వార్తలు ముగించి, ఏదో నాటకం చెబుతున్నాను. అందులో ఒక ఇల్లాలు ఎవరినో కేకేస్తోంది. నాకు భాష తెలియదు, నేను మోసేవాణ్ణే. కాని వంటింట్లో గరిటె చప్పుడు ఆగిపోయింది.

వరహాలమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. కాపురానికి వచ్చిన కొత్తల్లో, మామగారు బతికున్న రోజుల్లో, రోజూ మధ్యాహ్నం ఇదే గుమ్మంలోంచి అత్తగారు మామగారిని అన్నానికి రమ్మని పెరట్లోకి కేకేసే మాట అది. అత్తామామలు ఆ భాషలో మాట్లాడుకుంటుంటే తన మీద చాడీలే అనుకునేది వరహాలమ్మ. చెవులు రిక్కించి, ఏమీ బోధపడక, మంట పుట్టి గిన్నెలు చప్పుడు చేసేది. ఆ విసుగులోనే కొన్ని మాటలు ఆమెకి తెలియకుండా లోపల పడిపోయి ఉన్నాయి.

అన్నం కలిపి మంచం దగ్గర కూర్చుంది. సింహాద్రమ్మ ముఖం తిప్పుకుంది.

"తమిన్ సా!" అంది వరహాలమ్మ.

బతిమాలుతూ అనలేదు. అత్తగారు ఎలా కేకేసేదో అచ్చం అలాగే, పెరట్లో ఉన్న మనిషికి వినబడేట్టు, చివర కాస్త విసుగు కలిపి అంది.

నాలో ఆ నాటకం ఇంకా సాగుతూనే ఉంది. ఆగి ఉండేవాణ్ణే, నాకా వీలు లేదు. ముసలమ్మ కోడలి మొహంలోకి చాలాసేపు చూసింది. ఇన్నేళ్ళూ ఈ మనిషి ఎక్కడుందా అన్నట్టు. పెదవి ఒకవైపే కదిలింది, అది నవ్వో ఏడుపో చెప్పలేను. నోరు తెరిచింది.

మొదటి ముద్ద, రెండో ముద్ద. మూడోదానికి ఏదో అంది. అర్థం కాక వరహాలమ్మ ఉప్పు తెచ్చింది, కాదంది. పచ్చడి తెచ్చింది, కాదంది. చివరికి ఎండు రొయ్యల డబ్బా మూత తీసేసరికి ముసలమ్మ చెయ్యి చాచింది. దాలినాయుడు వీధి గుమ్మంలో, ఆస్పత్రికని పిలిచిన రిక్షావాణ్ణి పంపించేస్తూ, కండువా నోట్లో కుక్కుకుని నిలబడ్డాడు.

ఆ తరవాత నా బతుకు ఏమైందో అడగండి. వాళ్ళిద్దరూ మాట్లాడుకోవడం మొదలుపెట్టారు! సగం బర్మా, పావు తెలుగు, మిగిలింది చేతులు తిప్పడం. అత్త ఒక వస్తువు చూపించి మాట చెబితే, కోడలు తన మాట చెప్పేది. కొన్నాళ్ళకి పోట్లాడుకోవడం కూడా వచ్చేసింది. ఆ సందట్లో నా బేటరీలు నీరసించాయి. నా గొంతు తగ్గి తగ్గి, పూర్తిగా పడిపోయింది. ఎవరైనా గమనించారా? లేదు. నన్ను ఎంచుకోవడానికి అంత రభస చేసి, షాపులో అంత పోట్లాడి తెచ్చుకుని, ఆఖరికి నా మీద రొయ్యల డబ్బా పెట్టారు.

ఒక సాయంత్రం దాలినాయుడు డ్యూటీ దిగి వచ్చాడు. లోపల ఆడవాళ్ళిద్దరూ ఆయన్ని చూసి ఏదో అనుకుని పకపకా నవ్వారు.

"ఏటంతన్నాది అమ్మ?"

"నీకెందుకు?" అంది వరహాలమ్మ.

 ఆయన నా మీది డబ్బా పక్కన పెట్టి, నన్ను తీసుకుని అరుగు మీదికి వెళ్ళాడు. కొత్త బేటరీలు వేశాడు, తిరగేసి. నన్ను రెండు దెబ్బలు కొట్టాడు. తరవాత వాటిని తీసి సరిగ్గా వేశాడు. ముల్లు తిప్పాడు, ఎప్పటిలాగే దాటించేశాడు. నేను నిట్టూర్చేలోగా వెనక్కి వచ్చాడు. ఈసారి నెమ్మదిగా, వేలు కొసతో.

చదివే ఆమె వార్తలు మొదలుపెడుతూ, నమస్కారమన్నట్టు, "మింగలాబా" అంది. దాలినాయుడు చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, పెదవుల్లోనే ఆ మాట అన్నాడు.

లోపలినుంచి ముసలమ్మ గట్టిగా సరిదిద్దింది.

ఆయన ఉలిక్కిపడి, మళ్ళీ అన్నాడు. మళ్ళీ తప్పే. ఆమె మళ్ళీ చెప్పింది.