ఆడవాళ్ళ తుపాకీ

ఆదివారం పొద్దున్న ఆ ఇంట్లో రెండు పనులు ఒకేసారి మొదలవుతాయి. పెరట్లో పనిమనిషి గిన్నెలు తోముతుంది. హాల్లో శ్రీదుర్గ తుపాకులు తుడుస్తుంది. అద్దాల బీరువా తెరిచి, నేలమీద పాత దుప్పటి పరిచి, కడ్డీకి నూనెగుడ్డ చుట్టి గొట్టంలో అటూ ఇటూ ఆడిస్తుంది. భర్త బాపిరాజు ఎదురుగా పడక్కుర్చీలో పేపరు చదువుకుంటూ, మధ్యమధ్య కళ్ళజోడు మీంచి చూసి "ఆ మూల కొంచెం దుమ్ముందండీ" అంటాడు. ఇరవై ఏళ్ళు దాటిన కాపురంలో అతను ఆమెను ఒక్కసారి కూడా నువ్వు అనలేదు. రాజుల ఇళ్ళల్లో మర్యాదకేం లోటు. ఉయ్యాల్లో పిల్లని కూడా "ఏడవకండమ్మా" అంటారు. కాఫీ పట్రండి, ఇక్కడ సంతకం పెట్టండి, మీకెందుకండీ ఇవన్నీ. ఇన్ని అండీల మధ్య తనని ఎవరూ ఏదీ అడగలేదని శ్రీదుర్గకి తెలియడానికే చాలా ఏళ్ళు పట్టింది.

బాపిరాజుకి పాత ఆయుధాలంటే ప్రాణం. తాతగారి నాటి రెండు గొట్టాల తుపాకీ, ఒక రైఫిలు, తుప్పు పట్టిన కత్తులు, తుపాకిమందు పోసుకునే కొమ్ము, వెండి పిడి బాకు, అన్నీ ఆ బీరువాలో ఉన్నాయి. అతను కాల్చడు. వచ్చినవాళ్ళకి చూపిస్తాడు. దసరాల్లో ఆయుధపూజనాడు పట్టుపంచె కట్టుకుని ఒక్కొక్కదానికీ తన చేత్తో బొట్టు పెడతాడు. ఆ రోజు మాత్రం ఆడవాళ్ళు వాటిని ముట్టుకోకూడదు, గడప ఇవతల నిలబడి పళ్ళెం అందించాలి. ముందురోజు సాయంత్రం దాకా వాటికి నూనె పట్టించిన చేతులకి తెల్లారేసరికి ఏం మైల అంటుకుంటుందో అత్తగారిని అడగాలని శ్రీదుర్గకి ప్రతి దసరాకీ అనిపిస్తుంది. అడగదు.

ఆ ఆదివారం బాపిరాజు పేపరు మడిచి పక్కన పెట్టాడు.

"ఉప్పలగుప్తం డాక్టరు జగన్మోహనరావు గారు ఫోన్ చేసేరండి. చూపు తగ్గిపోయిందట, లైసెన్సు వదిలేస్తారట. వారి దగ్గర ఫోర్ టెన్ ఉందండి."

శ్రీదుర్గ చేతిలో కడ్డీ ఆగింది.

"అంటే మీకు తెలీదు కదా. చిన్న గొట్టం తుపాకీ. చిటికెనవేలు పట్టేంత రంధ్రం. తేలిగ్గా ఉంటుంది, భుజాన్ని పెద్దగా తన్నదు కూడానూ. ఆడవాళ్ళ తుపాకీ అనేవారు మా తాతగారు. మన కలెక్షన్లో అదొక్కటే లోటు."

"అయితే తీసుకోండి" అంది శ్రీదుర్గ. గొంతు మామూలుగానే వచ్చింది. అందుకు ఆమెకే ఆశ్చర్యమేసింది.

"అదే కదండీ చిక్కు. మనిషికి రెండే ఉండాలని చట్టం తెచ్చేరు. నావి రెండూ అయిపోయేయి. మీ పేరు మీద తీసుకుందాం. చేపల చెరువెలాగూ మీ పేరునే ఉంది కదా, నీటికాకుల బెడద అని రాస్తే లైసెన్సు ఇస్తారు. మీరేం చెయ్యక్కర్లేదు, సంతకం పెడితే చాలు. తుపాకీ ఇదిగో, ఈ పక్కన పెడదాం. చూసేరా, జాగా కూడా ఉంది."

జాగా ఉన్నమాట నిజమే. తెలీదు కదా అన్నదే నిజం కాదు.

సరిగ్గా అలాంటి తుపాకీ ఆమె నాన్నగారి దగ్గర ఉండేది. కొడుకు కోసం కొన్నారు. ఆ కొడుక్కి చప్పుడంటే భయం, చెవులు మూసుకుని ఇంట్లోకి పరిగెత్తేవాడు. పక్కన నిలబడ్డ కూతురు "నేను పట్టుకోనా నాన్నగారూ" అంది. అలా మొదలైంది. ఇంకా మంచు విడవని వేళ తండ్రీ కూతుళ్ళు చేపల చెరువు గట్టు మీద నడిచేవారు. ఖాళీ కొబ్బరిబోండాలు వరసగా పేర్చి ఆయన గురి నేర్పారు. నీటికాకులు గుంపుగా నీళ్ళ మీదికి వాలేవేళకి గాల్లోకి ఒక్క దెబ్బ. పిట్టని కొట్టకూడదు, బెదరగొట్టాలంతే, అది నాన్నగారి నియమం. గుంపంతా ఒక్కసారి లేచేది. భుజం మీద చిన్న తాపు, ముక్కుకి మందు వాసన, ఆ తర్వాత ఎంతో నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో తన ఊపిరి తనకి వినపడేది. తన వేలు కదిలితే అంత ఆకాశం కదిలిందని ఆ పిల్ల రోజంతా మురిసిపోయేది.

పెళ్ళిచూపులనాడు అమ్మ చెవిలో చెప్పింది. "కాల్చడం వచ్చని నోరు జారకండమ్మా. పాటలు వచ్చని చెప్పండి." అలాగే చెప్పారు. శ్రీదుర్గకి ఒక్క పాటా రాదు. ఇన్నేళ్ళలో ఆ ఇంట్లో ఎవరూ పాడమని అడగలేదు కాబట్టి పరువు దక్కింది. పెళ్ళికి నాన్నగారు పసుపు కుంకుమల కింద ఆ చెరువునే రాసిచ్చారు. "మీరు నడిచిన గట్టు, మీకే ఉండాలి" అన్నారు. ఆ గట్టు మీద ఆమె మళ్ళీ కాలు పెట్టలేదు. పాసుపుస్తకంలో పేరు ఆమెది, చెరువు మాత్రం బాపిరాజుది. కాపురానికొచ్చిన కొత్తలో "ఒకసారి చూసొస్తానండి" అంటే అత్తగారు కామేశ్వరమ్మ గారు నొచ్చుకున్నారు. "మన ఇళ్ళల్లో ఆడవాళ్ళు గట్లెక్కరమ్మా. మగవాళ్ళు లేని ఇల్లా ఇది?" ఘోషా పోయి రెండు తరాలైందని వాళ్ళే చెప్పుకుంటారు. కారు అద్దాలకి నల్ల కాయితం మాత్రం ఇంకా ఉంది.

నాన్నగారు పోయాక ఆ తుపాకీని అన్నయ్య స్టేషనులో అప్పగించేశాడు. పాత ఫ్రిజ్జు ఎవరికో ఇచ్చేసినట్టు ఫోన్లో చెప్పాడు. ఆమె అప్పుడు పప్పుకి తాలింపు వేస్తోంది. మాడిపోయింది. ఆ మాడు వాసన గురించి ఇంట్లో వారం రోజులు మాట్లాడుకున్నారు.

బుధవారం డాక్టరు గారింటికి వెళ్ళారు. ఆయన అరుగు మీదే కూర్చుని ఉన్నాడు, ఒళ్ళో తుపాకీ. బాపిరాజు దాన్ని అందుకుని, గొట్టం మీద చెక్కిన అక్షరాలు వేలితో రుద్ది, అటు తిప్పి ఇటు తిప్పి, ఫోనుతో నాలుగైదు ఫొటోలు తీసుకున్నాడు.

"లైసెన్సు ఎవరి పేరునన్నారు?" అని అడిగాడు డాక్టరు గారు.

"మా ఇంట్లోవారి పేరునండి. పేరుకే."

"అయితే ఓసారి వారి చేతికివ్వండి. ఎవరి తుపాకీ వారి భుజానికి అమరాలి కదండీ."

బాపిరాజు నవ్వుతూ ఇచ్చాడు. శ్రీదుర్గ చేతులు ఆమెని అడక్కుండానే పనిచేశాయి. మూతి నేలకి దించి, మధ్యకి మడిచి తెరిచి, గొట్టం ఖాళీయే అని చూసుకుని, టక్కున మూసి, భుజానికి ఆనించింది. చెంప కర్రకి తగిలింది. చల్లగా ఉంది. ఇది కావాలి, అనుకుంది. ఇంతలా ఏదైనా కావాలనిపించి ఎన్నాళ్ళయిందో. నగలు వాళ్ళే పెట్టారు, చీరలు వాళ్ళే తెచ్చారు, పిల్లల్ని కూడా కావాలని ఆమె అడగకముందే ఇంటిల్లిపాదీ అడిగేశారు. ఇది మాత్రం తనకి కావాలి. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, అదృష్టం కొద్దీ గురి చూసేవాళ్ళు ఒక కన్ను మూసుకోవచ్చు.

చూపు తగ్గిన మనిషి ఆ టక్కుమన్న చప్పుడు విన్నాడు. "అమ్మగారికి అలవాటుందాండీ?"

"అబ్బే, ఆవిడకెందుకుంటుందండీ" అన్నాడు బాపిరాజు. "ఆదివారం ఆదివారం తుడుస్తారు కదా, ఆ అలవాటు. ఉండండి, అలాగే ఉండండి, బావుంది, ఫొటో తీస్తాను."

తీశాడు. తీసి అక్కడే కుటుంబం గ్రూపులో పెట్టాడు, మా ఇంటి వీరనారి అని రాసి, పక్కన నవ్వే మొహాలు. తిరుగుదారిలో కార్లో ఒక్కొక్క జవాబూ పైకి చదివి వినిపించాడు. మరిది రాజేంద్ర "వదినగారూ, అన్నయ్య గుండె గట్టిది కాదండోయ్" అని పెట్టాడు. ఆడపడుచు "ఇక కూరలో ఉప్పెక్కువైందని అనడానికి వీల్లేదు" అంది. బాపిరాజు కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వాడు. అతని నవ్వులో విషం లేదు. అదే శ్రీదుర్గకి ఎక్కువ కష్టం, విషముంటే కోపమైనా తెచ్చుకునేది.

రోడ్డు పక్కన చెరువు కనిపించింది.

"ఒక్క నిమిషం ఆపించండి" అంది.

"ఇప్పుడా? ఎండండి. గట్టంతా బురద. పనివాళ్ళు గోచీలు పెట్టుకుని ఉంటారు, బావుండదు."

నల్లటి అద్దంలోంచి గట్టు కాసేపు పక్కనే వచ్చి వెనక్కిపోయింది. కరెంటు తీగ మీద నీటికాకులు రెక్కలు విప్పి ఆరబెట్టుకుంటున్నాయి. గట్టు మీద ఎవరో కొత్తగా అరటి పిలకలు నాటారు. తన చెరువు మీద అరటి నాటారని తనకి కార్లోంచి తెలియాలా అని ఆమెకి గొంతు దాకా వచ్చింది. ఇల్లు చేరేదాకా మెడ తిప్పకుండా అటే చూసింది.

వారమంతా అదే ఆలోచన. కూర తరుగుతూ అదే, అత్తగారి కాళ్ళకి తైలం రాస్తూ అదే. వద్దంటే ఆ తుపాకీ ఇంకెవరింటికో పోతుంది, జన్మలో మళ్ళీ భుజానికి ఆనదు. సరేనంటే ఈ ఇంటికే వస్తుంది, తన పేరు పెట్టుకుని అద్దం వెనక నిలబడుతుంది. అది చూసి వచ్చినవాళ్ళు బావుందంటారు, ఎవరూ గట్టు మీదికి తీసుకెళ్ళరు. పేరు తనది, తాళం బాపిరాజుది. తనలాంటిది ఇంకొకటి తెచ్చి ఆ బీరువాలో బిగించడానికి తన చేత్తో తనే సంతకం పెట్టాలా? అలాగని రోజూ కళ్ళెదురుగా ఉంటుంది కదా అని ఒక పక్క మనసు లాగేది. పొద్దున్నే లేచి ఆ అద్దం ముందు నిలబడ్డా చాలేమో. మరుక్షణం తన మీద తనకే రోత పుట్టేది. ఇంతకాలం ఇలా ప్రతిదానికీ ఇంత చాల్లే అనుకునే కదా ఇక్కడిదాకా వచ్చింది.

"ఇంకా ఏం ఆలోచిస్తున్నారండీ?" అన్నాడు బాపిరాజు కాగితాలు ముందు పెట్టి. "రాజమండ్రి నుంచి ఇంకెవరో కూడా అడుగుతున్నారట. కొబ్బరితోట అమ్మినప్పుడు కూడా మీరింత ఆలోచించలేదు."

నిజమే, ఆలోచించలేదు. ఎక్కడ అంటే అక్కడ సంతకం పెట్టింది. ఇప్పుడూ పెట్టింది గానీ మనసు ఎటూ తేలలేదు. లైసెన్సు వచ్చాక కొననంటే ఎవరేం చేస్తారులే అని సర్దిచెప్పుకుంది.

కొన్నాళ్ళకి విచారణకి ఎస్సై వచ్చింది. సుస్మిత అట, చిన్నపిల్లే, ఉద్యోగంలో చేరి ఎంతో కాలం కాలేదు. కామేశ్వరమ్మ గారు కూడా వచ్చి కూర్చున్నారు. శ్రీదుర్గ కాఫీలిచ్చి, అలవాటుగా తలుపు పక్కన నిలబడింది.

"దరఖాస్తు పెట్టింది మీరా అమ్మా? కూర్చోండి" అంది ఎస్సై. "తుపాకీ ఎందుకు కావాలండీ?"

"నీటికాకులండి" అన్నాడు బాపిరాజు. "చెరువులో చేపని బతకనివ్వడం లేదు. ఆవిడ పేరు మీదే ఉందండి చెరువు."

"చెరువు చూసుకునేది?"

"ఆయ్, నేనేనండి. వారిది పేరుకే."

ఎస్సై కలానికి మూత పెట్టింది. "అయితే కష్టమండి. లైసెన్సు ఎవరిదో తుపాకీ వారి దగ్గరే, వారి తాళంలోనే ఉండాలి. ఇంట్లోవాళ్ళయినా తీయకూడదు. ఆవిడ చెరువు మొహమే చూడరంటే, పిట్టల బెడద అని నేనెలా రాయనండీ?"

బాపిరాజు మొహం వాడిపోయింది. బీరువాలో ఖాళీ జాగా వైపు ఒకసారి చూశాడు. వెంటనే సర్దుకున్నాడు. "చూడకపోవడమేంటండీ, వెళ్తూంటారు. ఏమండీ, వెళ్తూంటారు కదా?"

శ్రీదుర్గ అత్తగారి వైపు చూసింది. కామేశ్వరమ్మ గారు పమిట సర్దుకుని, పోలీసులముందు ఇంటి మాట పోకూడదన్న పట్టుదలతో తల గట్టిగా ఊపారు. "వెళ్తారమ్మా. మా కోడలు గారు వెళ్తారు. మా ఇంట్లో అలాంటి పట్టింపులేం లేవు."

ఇరవై ఏళ్ళుగా ఎన్నిసార్లు అడుగుదామనుకుని మింగిన మాట అది. ఇప్పుడు ఇద్దరూ కలిసి, సాక్షిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, అడక్కుండానే ఇచ్చేశారు. ఏమిచ్చారో వాళ్ళకింకా తెలియలేదు. శ్రీదుర్గకి నవ్వొచ్చింది.

"మీరు చెప్పండమ్మా" అంది ఎస్సై. "వెళ్తారా?"

శ్రీదుర్గ తలుపు దగ్గర్నించి వచ్చి కుర్చీలో కూర్చుంది.

"ఇన్నాళ్ళూ వెళ్ళలేదండి, అబద్ధం రాయకండి" అంది. "రేపు పొద్దున్నించి వెళ్తాను. రోజూ వెళ్తాను, మా అత్తగారు కూడా చెప్పేరు కదా. మీ లైసెన్సు ఎప్పుడొస్తే అప్పుడే రానీయండి. తుపాకీ చేతికొచ్చేదాకా చప్పట్లు కొట్టి తోలుకుంటాను."