నానాజీ పుట్టువెంట్రుకలు

ఇలా దగ్గరకు జరిగి కూర్చోవే. ఆ ఫోను అవతల పెట్టి విను, మధ్యలో లేచావంటే మళ్లీ మొదటినుంచి చెప్పాల్సొస్తుంది.

పరదేశి బెల్లం మార్కెట్లో దిమ్మలు మోసే కలాసీ. పెళ్లీ పెటాకులూ లేని మనిషి. ఓ వానాకాలం పొద్దున్న అక్కడి షెడ్డులో, గోనెసంచుల మీద ఎవరో పసిగుడ్డును వదిలేసి పోయారు. పోలీసులొచ్చారు, ఆఫీసులవాళ్లొచ్చారు, కన్నవాళ్లు మాత్రం రాలేదు. తిరిగి తిరిగి చెప్పులు అరగదీసి పరదేశే ఆ బిడ్డను తెచ్చుకున్నాడు. నానాజీ అని పేరు పెట్టుకున్నాడు.

పెంచడం ఒక ఎత్తు, వాడి జుట్టు ఒక ఎత్తు. పుట్టువెంట్రుకలు తీయాలంటే బిడ్డ మేనమామ ఒళ్లో కూర్చోవాలి, మొదటి కత్తెర మేనమామే వేయాలి. తల్లెవరో తెలియనివాడికి మేనమామను ఎక్కడినుంచి తేవడం? మొదటి ఏడు పోయింది, మూడో ఏడూ పోయింది. ఐదో ఏడు వచ్చేసరికి జుట్టు భుజాలు దాటి దిగింది. పొద్దున్నే పరదేశి దువ్వెన పట్టుకోవడం, వాడు మంచం కింద దూరడం. జడ వేస్తే వంకర. వీధిలోవాళ్లు "పాప బాగుంది" అనడం, వాడు ఏడుపు లంకించుకోవడం. బళ్లో వేసే రోజులు దగ్గరపడ్డాయి. మేనమామ లేకుండా గుండు గీయించేస్తే గొడవ వదిలేది. కానీ వీడికి ఎవరూ లేరని ఊరందరి ముందూ ఒప్పుకున్నట్టే కదా. అది మాత్రం పరదేశికి మింగుడుపడలేదు.

మేనమామగా కూర్చోమని తోటి కలాసీ తాతబ్బాయిని అడిగాడు. తాతబ్బాయి తల గోక్కున్నాడు.

"మేనమామంటే ఒక్కరోజు పనేటి? జుత్తుకీ నానే, సెవులకీ నానే, రేపు పెళ్లికీ నానే. మా ఇంటిది ఒప్పుకోదు."

చిరాకెత్తి, ఆ ఆదివారమే పరదేశి పిల్లవాణ్ణి భుజాన వేసుకుని నూకాలమ్మ గుడికి పోయాడు. చూసిపోదామంటూ తాతబ్బాయీ వెనకాలే వచ్చాడు.

మంగలి త్రినాధరావు కత్తెర తీశాడు. "మేనమామెవరు? బేగి సెప్పండి, ఎనక జనం ఉన్నారు."

పరదేశి తాతబ్బాయిని చూపించాడు. "ఇదిగో, ఈడే."

"నానెప్పుడు ఒప్పుకున్నాను బావా?"

"పదేళ్లబట్టీ పొద్దున్న లేత్తే బావ. బీడీ కావాలంటే బావ, దిమ్మ కాలిమీద పడితే బావ. నీకు నాను బావనైతే ఈడికి నువ్వేటవుతావు?"

"ఊరికే పిలుపుకి అన్నాను బావా."

"అయితే మానీ. పరదేశిగారూ అని పిలిచి ఎల్లిపో."

తాతబ్బాయి గొంతు సవరించుకున్నాడు. "సూడండి, పరదేశిగా..." అక్కడే ఆగిపోయాడు. నోరు తిరగలేదు. "అది కాదు బావా," అన్నాడు చివరికి.

వెనకనున్న ఆడవాళ్లు పైటలు నోటికి అడ్డం పెట్టుకున్నారు. "కూకోవయ్యా మేనమామా," అని త్రినాధరావు పీట జరిపాడు.

కూర్చున్నాడు. ఒళ్లో నానాజీ తాతబ్బాయి గుబురు మీసాలు రెండు చేతులా పట్టుకుని వేలాడాడు. కత్తెర పడింది.

పరదేశికి తలనొప్పి తీరిందా అంటే, ఎక్కడ తీరింది. ఇప్పుడు సాయంత్రమయ్యేసరికి తాతబ్బాయి గుమ్మంలో తయారు. "నా మేనల్లుడికి ఈ నీళ్లలాటి పప్పేటి బావా? సెవులెప్పుడు కుట్టిత్తావు?" పరదేశి గరిటె విసిరేసేంత పని చేస్తాడు. విసరడు. ఇంకో కంచం కడిగి పెడతాడు.

నువ్వు చదివేదీ వాడి బళ్లోనే. వాడికి ముందూ వెనకా ఎవరూ లేరని అక్కడ ఎవరైనా నోరు జారితే, నానాజీ మేనమామ ఒళ్లో కూర్చున్నవాడని ఇదంతా వాళ్లకు చెప్పు. మరిచిపోకు, ఆ మీసాల సంగతి కూడా చెప్పు.