పరిచయం లేని నీళ్ళు

ఇనుప మూత అంచు కింద గునపం దూర్చి, కుడికాలి మీద బరువు పడకుండా నడుమును ఒక పక్కకు వంచి, పన్నీరయ్య ఆనాటికి మురుగుకాల్వను తెరిచాడు. ఆసుపత్రి వెనక గోడ వారన పారే ఆ కాల్వలో వార్డులన్నిటి కడుగునీళ్ళూ, పుళ్ళ రసికలూ, పేరున్న రోగాలూ ఇంకా పేరుపెట్టని రోగాలూ, పెద్దాచిన్నా తేడా లేకుండా కలిసిమెలిసి ప్రవహిస్తుంటాయి. లోకంలో మరెక్కడా కుదరని ఆ సమానత్వాన్ని రోజూ ఉదయాన్నే దర్శించే భాగ్యం ఆ సంస్థలో అతనొక్కడికే దక్కింది. పొడుగు కర్రకు కట్టిన చెంబును దించి, పైతెట్టు రాకుండా, అడుగు కలగకుండా నడిమి నీళ్ళు తోడి సీసాలో పోశాడు. మూత అంచు ఎప్పటిలాగే బొటనవేలి మొదట్లో గీరుకుంది. పాత గాటు మానకముందే కొత్త గాటు పడీపడీ అక్కడి చర్మం బెరడు కట్టింది. నెత్తురును చొక్కా అంచుకు తుడుచుకున్నాడు.

అతనికి తల్లిదండ్రులు పెట్టిన పేరొకటి ఉండేది. పై అంతస్తు ప్రయోగశాల వారు, అతను తెచ్చే నీళ్ళ పరిమళానికి ముచ్చటపడి, పన్నీరయ్య అని బిరుదు ప్రసాదించారు. బిరుదులిచ్చేవారు సాధారణంగా ఇంకేమీ ఇవ్వరు. ఒకసారి చేతితొడుగులు అడిగితే స్టోరు గుమస్తా విస్తుపోయాడట. చేతుల మురికి పోయి నీళ్ళ నమూనాకు అంటకూడదని లోపలివాళ్ళు తొడుక్కుంటారు గాని, నువ్వు ముట్టేదే మురుగైనప్పుడు నీకెందుకయ్యా అని హితబోధ చేశాడట. ఈ తర్కాన్ని ఖండించగల పండితుడు ఆ ప్రాంగణంలో లేకపోయాడు.

మెట్లు ఒక్కొక్కటీ ఆగి ఎక్కాడు. తలుపు దగ్గర ల్యాబ్ అమ్మాయి, రెండు పొరల తొడుగులున్న చేతులతో, అతని ఒట్టి చేతుల్లోంచి సీసాను భద్రంగా అందుకుంది. "కాలు ఎలా ఉంది బాబాయ్?" అంది. ఉందమ్మా, అదింకా నాతోనే వస్తోంది అన్నాడు.

ఆ నీళ్ళను వాళ్ళు వడగట్టి వడగట్టి, బ్యాక్టీరియాను వేటాడి చంపే వైరస్‌లను మాత్రం వేరుచేస్తారు. ఏ మాత్రకూ లొంగని పుండ్లు వాటితో మానుతున్నాయి. 'మురుగు నుంచి అమృతం' అని హాల్లో నిలువెత్తు పటం వేలాడదీశారు. అందులో పెద్ద డాక్టరుగారున్నారు, సూక్ష్మదర్శిని ఉంది, బంగారు రంగు వైరస్ ఉంది. కర్రా చెంబూ లేవు.

కిందటి వానాకాలం ఆ ఇనుప మూతే జారి అతని కుడి మోకాటి కింద పడి లోతుగా తెగింది. కాల్వలోని క్రిమి ఎముకలో కాపురం పెట్టింది. మందులన్నీ ఓడిపోయాక, అతను తోడిన నీళ్ళలోంచి తీసిన వైరస్‌నే అతనికీ ఎక్కించసాగారు. పన్నీరయ్య పొంగిపోయాడు. మన సొంత సరుకే అని భార్యకు చెప్పుకున్నాడు. మొదటి వారం చీము తగ్గింది. తర్వాత రెట్టింపై తిరిగొచ్చింది. సెలవు పెట్టమని భార్య పోరితే, నేను తోడకపోతే నా మందే కాదు, అందరి మందూ ఆగిపోతుందే అన్నాడు.

సీసా అందించిన ఆ పూటే పెద్ద డాక్టరుగారు మొగుడూ పెళ్ళాలిద్దరినీ పిలిపించారు. వారి ముఖం వెలిగిపోతోంది. మొగుడికి నయమైందేమోనని భార్య చేతులు జోడించబోయింది.

"మందులో ఏ లోపమూ లేదయ్యా," అన్నారాయన. "ఆ వైరస్ మనిషి కణాలకి హాని చెయ్యదు. దాని పోట్లాటంతా బ్యాక్టీరియాతోనే. కానీ నీ కణాలే దాన్ని బతకనివ్వడం లేదు. ఏళ్ళ తరబడి ఆ నీళ్ళు నీ చేతి గాట్లలోంచి లోపలికి పోయాయి కదా, నీ రక్తానికి అది బాగా తెలుసు. సూదిలోంచి దిగగానే గుర్తుపట్టి ముసురుకుంటోంది, తెల్లకణాలు మింగేస్తున్నాయి. ఎముక దాకా ఒక్కటీ చేరట్లేదు."

అనగా, మందు దివ్యంగా ఉంది, వైద్యం నిర్దుష్టంగా ఉంది. నేరమంతా పన్నీరయ్య నెత్తురు జ్ఞాపకశక్తిదని తేలింది. ఇంత స్పష్టమైన కేసు తమకు ఇంతవరకు తగల్లేదనీ, రాబోయే డాక్టర్ల మహాసభలో దీని మీదే మాట్లాడతాననీ, మరికొంత రక్తం ఇచ్చి పొమ్మనీ సెలవిచ్చి, ఆ ఉత్సాహంలో, "అడుసు తొక్కనేల, కాలు కడుగనేల అన్నారు పెద్దలు" అని ఒక చమత్కారం కూడా విసిరారు.

"తొక్కమన్నదెవరు సార్?" అంది భార్య.

డాక్టరుగారు ఎక్స్‌రే అందుకున్నారు. కాలు తీసేసినా ప్రయోజనం లేదనీ, రోగం తుంటి దాకా పాకిందనీ చెప్పారు. ఇతని ఒంటికి పరిచయం లేని వైరస్ దొరికితే పని చెయ్యొచ్చు, అది వేరే ఊరి కాల్వలో ఉండొచ్చు, కానీ నీళ్ళు తీసే చోటు మార్చాలంటే ఆసుపత్రి పరిశోధనల సంఘం అనుమతి కావాలి, సంఘం కూర్చోవాలి అన్నారు.

"మా చెల్లెలి ఊళ్ళో పెద్దాసుపత్రి ఉంది సార్," అన్నాడు పన్నీరయ్య. "బస్సెక్కితే సాయంత్రానికల్లా వచ్చేస్తాం. నేనే తెస్తాను."

డాక్టరుగారు చిరునవ్వు నవ్వారు. పెద్దల చిరునవ్వును ఉత్తర్వుగా శిరసావహించడం పన్నీరయ్య జీవితకాలపు పొరపాటు.

"వడ్డించేవాడికే విస్తరి లేదన్నమాట," అంది భార్య మెట్లు దిగుతూ. "పద, మన విస్తరి మనమే కుట్టుకుందాం."

బస్సు దిగి చూస్తే, చెల్లెలి ఊరి ఆసుపత్రి కాల్వా గోడ వెనకే ఉంది. గునపం భార్యే వేసి మూత ఎత్తింది. అతను చెంబు అందుకోబోతే ఆపి, సంచిలోంచి రెండు రొట్టె కవర్లు తీసి, అతని చేతులకు తొడిగి, మణికట్టు దగ్గర పురికొసతో బిగించి కట్టింది. అన్నేళ్ళ ఉద్యోగంలో అతని చేతులకు తొడుగు పడడం అదే మొదలు.

"ఎందుకే ఇదంతా?"

"ఈ నీళ్ళకీ నువ్వు తెలిసిపోతే ఇక తిరగడానికి ఊళ్ళు మిగలవు."

అతను నవ్వాడు. కొత్త చుట్టాన్ని పలకరించినంత మర్యాదగా చెంబు దించి, నడిమి నీళ్ళు తీశాడు. సీసా మూత మీద ఒక కవరు ముక్క చుట్టి, అదే పురికొసతో కట్టాడు. బస్సులో దాన్ని ఒళ్ళో పెట్టుకుని, కుదుపు వచ్చినప్పుడల్లా తన కాలిని గాక సీసాను పట్టుకున్నాడు.

పొద్దువాలే వేళకు ల్యాబ్ అమ్మాయి తలుపు దగ్గరే ఉంది. సీసాను చూసింది, అతన్ని చూసింది, తొడుగుల చేతులు చాచి మళ్ళీ వెనక్కి తీసుకుంది. వేరే కాల్వ నీళ్ళు అనుమతి లేకుండా లోపలికి తీసుకుంటే తన ఉద్యోగం పోతుందంది. డాక్టరుగారు సభకు బయల్దేరిపోయారంది. "ఆ కిటికీలో పెట్టు బాబాయ్. అనుమతి రాగానే మొదట దీన్నే తీస్తాను," అంది తల దించుకుని. అతను వరండా కిటికీ గట్టు మీద, ఎండ తగలని మూల చూసి పెట్టాడు.

అనుమతి రాలేదు. జ్వరం వచ్చింది. నెల తిరగకముందే ఒక మధ్యాహ్నం, భార్య గ్లాసుతో నీళ్ళు తెచ్చేలోగా, ఎవరికీ శ్రమ ఇవ్వకుండా పన్నీరయ్య వెళ్ళిపోయాడు. మహాసభలో అతని నెత్తురుకు కరతాళధ్వనులు మోగాయి. ఇకపై ఈ మందు ఎక్కించేముందు రోగి రక్తం పరీక్షించాలని తీర్మానించారు. తీర్మానంలో చేతితొడుగుల ఊసు లేదు. కాల్వ దగ్గరికి కొత్త మనిషి వచ్చాడు, ఒట్టి చేతులతో.

నిలవ సీసాలు పారబోయడం పన్నీరయ్య పని. కనుక అతను తెచ్చిన సీసాను ఎవరూ కదిలించలేదు. మట్టి అడుక్కి దిగి, పైనీళ్ళు తేటపడి, మెడకు పురికొసతో కట్టిన రొట్టె కవరు ముక్క గాలి వీచినప్పుడల్లా కాస్త లేచి పడుతూ, అదింకా ఆ కిటికీ మూలనే ఉంది.