కొత్త వైపరు

పొద్దున పరకాల బస్టాండు దగ్గర చాయ్ తాగి వస్తూ, పక్కన ఆగిన జీపు వైపరు ఊడబీకి తన జీపుకు బిగించుకున్నాడు యాకయ్య. తన వైపరు రబ్బరు అరిగి వారమైంది. డ్రైవర్లలో ఈ పని చెయ్యనివాడెవడు, అనుకున్నాడు.

మధ్యాహ్నం కుండపోత వాన. హన్మకొండ దారిలో అదే జీపు, ముందు ఏమీ కానరాక, కాలువలోకి ఒరిగి యాకయ్యకు కనిపించింది. వెనకున్న పెళ్లి డేరాల ట్రాలీకి ఏమీ కాలేదు గానీ, డ్రైవరు సారంగపాణికి నుదురు పగిలింది. యాకయ్య ఆ ట్రాలీని తన జీపుకు తగిలించి, అతణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని దవాఖానకు బయల్దేరాడు.

సారంగపాణి ఒక చేత్తో నుదుటికి తువ్వాల అదుముకుని, రెండో చేత్తో అద్దం లోపలి ఆవిరి తుడుస్తున్నాడు.

"తప్పు నాదేనే అన్నా. బండి దిగినప్పుడు వైపరు తీసి లోపల పెట్టుకోవాలె. మర్చిన."

నేనే తీశానని చెప్పడానికి యాకయ్య రెండుసార్లు నోరు తెరిచాడు. రెండుసార్లూ గేరు మార్చాడు.

హన్మకొండ చేరేసరికి వాన వెలిసింది. యాకయ్యకు ఆ ధ్యాసే లేదు. పొడి అద్దం మీద వైపరు కీచుమంటూ తిరుగుతూనే ఉంది.

"బంద్ చెయ్యన్నా," అన్నాడు సారంగపాణి. "కొత్త రబ్బరు, ఉత్తగ అరిగిపోతది. పైలంగ వాడుకో."