ఉప్పు వాసన

"మా ఇంట్లో ఆడవాళ్ళు వంట రుచి చూడరండి. ఆవిరి వాసన పట్టి ఉప్పు సరిపోయిందో లేదో చెప్పేస్తారు. మా అమ్మా అంతే, మా ఆవిడా అంతే. కాసేపాగితే మీరే చూస్తారుగా!"

ప్రతి శనివారం పొద్దున పదింటికి మా ఆయన రామకోటేశ్వరరావు ఈ మాటలు చెబుతారు. చెబుతూ, కొట్లోకి కొత్తగా దిగిన సరుకుని చూపించినట్టు నన్ను చూపిస్తారు. వచ్చినవాళ్ళు చప్పట్లు కొడతారు. నేను నవ్వుతాను. రెండేళ్ళ నుంచి నవ్వుతూనే ఉన్నాను కాబట్టి ఇప్పుడు పెద్దగా కష్టమనిపించదు.

నందిగామ నుంచి చందర్లపాడు వెళ్ళే దారిలో మా మామగారి నాటి నిమ్మతోట ఉంది. తోట మధ్యలో పెంకుటిల్లు. జగ్గయ్యపేటలోని కందిపప్పు హోల్‌సేల్ కొట్టు మరిదికి వదిలేసి, మా ఆయన ఈ ఇంటిని బాగుచేయించారు. నాలుగు గదులకి బాత్‌రూములు కట్టించి, గేటు మీద 'తిరుపతమ్మ వంటిల్లు' అని బోర్డు పెట్టించారు. తిరుపతమ్మ మా అత్తగారు. హైదరాబాదు జనం గరికపాడు చెక్‌పోస్టు దాటి కార్లలో వస్తారు. శుక్రవారం సాయంత్రం దిగి ఆదివారం వెళ్ళిపోతారు. మధ్యలో శనివారం వంట క్లాసు. ఊరికే చూసే క్లాసు కాదు, కూరలు వాళ్ళే తరుగుతారు, చింతపండు వాళ్ళే పిసుకుతారు, పోపు వాళ్ళే వేస్తారు. మా ఆయన దీన్ని 'హ్యాండ్స్ ఆన్' అంటారు. ఆయన చేతులు మాత్రం క్లాసు అయ్యేదాకా వీపు వెనకాలే కట్టుకుని ఉంటాయి.

ఆ ఆవిరి వాసన నాకు తెలియడం మానేసి ఏడు నెలలైంది. ఆ సంగతి ఎవరికీ తెలియదు.

ఆషాఢంలో జ్వరం వచ్చి నాలుగో రోజుకి తగ్గింది. లేచి కాఫీ కలుపుకుంటే, గ్లాసులో వేడి ఉంది, తీపి ఉంది, కాఫీ లేదు. ఇంగువ డబ్బా తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఏమీ లేదు. కర్పూరం, సాంబ్రాణి, ఆఖరికి కిరసనాయిలు. ఏమీ లేదు. మా ఆయన భోంచేస్తుంటే వడ్డిస్తూ, "ఏవండీ, నాకు వాసన రావట్లేదు" అన్నాను. ఆయన కంచం మీదికి వంగి గట్టిగా పీల్చి, "నాకు వస్తోందిగా, బాగానే ఉంది, ఇంకాస్త పప్పు వెయ్యి" అన్నారు. వేశాను. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

మొదట్లో చచ్చేంత భయం వేసింది. తర్వాత తర్వాత అదొక వింత లోకమైపోయింది. నీళ్ళలో మునిగి కళ్ళు తెరిస్తే అన్నీ కనిపిస్తూనే మనవి కానట్టు ఉంటాయే, అలా ఉండేది. నిమ్మపూత కింద నుంచి నడుస్తుంటే తేనెటీగలు చుట్టూ ముసురుతాయి, తెల్లటి రేకులు జుట్టులో పడతాయి, అంతా మౌనంగా ఉంటుంది. పక్క చేలో మిరపకాయలు ఆరబోశారు. ఆ కళ్ళం దగ్గరకి వెళితే దగ్గొస్తుంది, కళ్ళు మండుతాయి, మిరపకాయ వాసన మాత్రం ఉండదు. మధ్యాహ్నం అంట్లు పనిమనిషి ఆదెమ్మకి వేసి వసారాలో నడుం వాల్చేసరికి, కళ్ళు మూతలు పడీ పడకముందే, మైలవరంలో మా నాన్న కిరాణా కొట్టు వచ్చేది. ఎటునుంచి వచ్చేదో తెలియదు. నిమ్మచెట్ల మధ్య తలుపులు తెరుచుకుని నిలబడేది. లోపలికి వెళ్ళి ఒక్కో డబ్బా మూత తీసేదాన్ని. బెల్లం అచ్చుల వాసన, తడిసిన గోనెసంచి వాసన, ధనియాలు, మా నాన్న చెమట చొక్కా, అన్నీ ఉండేవి. కొట్టు వెనక వంటింట్లో అమ్మ చారు కాస్తూ ఉండేది. గరిటె ఎత్తి నా అరచేతిలో రెండు చుక్కలు వేసి, "చాలా?" అనేది. నేను నాకి, "ఇంకొంచెం..." అనేదాన్ని.

ఇంకొంచెం ఏమిటి? ఉప్పా, కారమా, తీపా? ఆ మాట దగ్గరకి వచ్చేసరికి కొట్టు మసకబారేది. ఎన్ని మధ్యాహ్నాలు వెళ్ళినా ఆ ఒక్క మాట దొరికేది కాదు. లేచి మొహం కడుక్కుని సాయంత్రం టీ పెట్టేదాన్ని.

అరచేతిలో వేసుకుని రుచి చూడటం అమ్మ నేర్పిన అలవాటు. పెళ్ళయిన కొత్తలో జగ్గయ్యపేట ఇంట్లో ముక్కల పులుసు కాస్తూ, ఆ అలవాటు కొద్దీ రెండు చుక్కలు అరచేతిలో వేసుకుని నాలుకకి తగిలించాను. అత్తయ్య చూశారు. నన్ను పల్లెత్తు మాట అనలేదు. మసిగుడ్డతో గిన్నె దించి, పెరట్లోకి తీసుకెళ్ళి, కరివేపాకు చెట్టు మొదట్లో మొత్తం గుమ్మరించారు. "దేవుడికి పెట్టకుండానే ఎంగిలి చేసిందమ్మా మైలవరం పిల్ల" అని గోడ అవతలావిడకి చెప్పారు. ఆ పూట మగవాళ్ళు పెరుగన్నంతో సరిపెట్టుకున్నారు. కొట్టుకి బయల్దేరుతూ మా ఆయన, "నీ నాలుక కాస్త కట్టేసుకో" అన్నారు. కోపంగా కూడా అనలేదు. గొడుగు తెమ్మన్నట్టు అన్నారు.

అప్పటినుంచి ముక్కే నేర్చుకుంది. ఉప్పు తక్కువైన పులుసు ఆవిరి పచ్చిగా, పలచగా తేలిపోతుంది. సరిపోయినప్పుడు కాస్త బరువెక్కి ముక్కు దగ్గర ఆగుతుంది. ఇది తెలియడానికి నాకు మూడేళ్ళు పట్టింది. ఈలోపల ఎన్ని కంచాలు ముందుకి తోసేశారో, ఎన్నిసార్లు 'మీ వాళ్ళు ఇంతేనా నేర్పింది' అనిపించుకున్నానో చెప్పుకుంటే సిగ్గు. దేవుడూ, మగవాళ్ళూ, పిల్లవాడూ, అత్తయ్యా అయ్యాక నా వంతు వచ్చేసరికి పులుసు చల్లారి తెట్టు కట్టేది. అప్పుడు రుచి తెలిసినా దాంతో చేసేదేం ఉంటుంది? ఆకలి తీరితే చాలనిపించేది. అప్పుడు నాకు పడిన శిక్షని ఇప్పుడు మా ఇంటి గొప్పతనమని చెప్పి మా ఆయన చప్పట్లు కొట్టిస్తున్నారు.

ఈ ఏడు నెలలూ నా చెయ్యి నన్ను కాపాడింది. ఎంత గిన్నెకి ఎంత ఉప్పో చేతికి తెలుసు. కొలిచేది నా చెయ్యే, వేసేదీ నా చెయ్యే. ఆ తర్వాత గిన్నె మీదికి వంగి, కళ్ళు మూసుకుని, "సరిపోయింది" అంటాను. అంతా నాటకం. బయటపడితే ఏమవుతుంది? ఇరవై నాలుగేళ్ళలో నా గురించి నలుగురికీ చెప్పుకోవడానికి మా ఆయనకి దొరికిన ఒకే ఒక్క మాట అది. అది కూడా అబద్ధమైతే ఈ ఇంట్లో నేను ఎవర్ని?

మొన్న శనివారం ఎనిమిది మంది వచ్చారు. వాళ్ళలో మెర్లిన్ అని ఒకమ్మాయి, హైదరాబాదులో బ్యాంకులో పనిచేస్తుందట. ఆమె భర్త నవీన్‌బాబు మంచి హుషారు మనిషి, అన్నిట్లోనూ ముందు తనే చెయ్యి పెడతాడు. ఆ రోజు ముక్కల పులుసు నేర్పాలి. మెర్లిన్ నా పక్కన కూచుని ములక్కాడ ముక్కలకి నార తీస్తూ అడిగింది.

"ఆంటీ, మీకేం ఇష్టం?"

"మావారికి గుత్తివంకాయమ్మా, మా అబ్బాయికి బంగాళాదుంప వేపుడు, అత్తయ్యకి..."

"వాళ్ళకి కాదు ఆంటీ. మీకు?"

నోరు తెరిచాను. నిమ్మచెట్ల మధ్య కొట్టు తలుపులు ఒక్క క్షణం తెరుచుకుని మూసుకున్నాయి. ఈలోపల మా ఆయన అందుకున్నారు.

"ఆవిడకి ఏదైనా ఒకటేనండి. మేం కడుపునిండా తింటే ఆవిడ కడుపు నిండిపోతుంది."

అందరూ ముచ్చటపడి నవ్వారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మంట నాకే కొత్త. తల వంచుకుని గుమ్మడికాయ ముక్కలు గిన్నెలో వేశాను.

మా ఇళ్ళలో ఉప్పు చేతికి చేతికి ఇవ్వరు. ఇస్తే ఇద్దరికీ పడకుండా పోతుందంటారు. అందుకని గుప్పిట్లో కొలిచిన కల్లుప్పుని అరిటాకు ముక్కలో పోసి గట్టు మీద పెట్టి, "పులుసు పొంగు రాగానే అది వేసెయ్యమ్మా" అని మెర్లిన్‌కి చెప్పాను. చెప్పి, పోపు పొయ్యి దగ్గర ఇంకో ఇద్దరికి ఆవాలు చిటపటలాడటం చూపిస్తూ నిలబడ్డాను. తిరిగి చూసేసరికి పులుసు తెర్లుతోంది. ఆకు ఖాళీగా ఉంది. దాని పక్కన ఉప్పు జాడీ మూత తీసి ఉంది. గట్టు మీద నాలుగు ఉప్పురాళ్ళు.

"ఉప్పెవరు వేశారు?" అన్నాను.

"నేనే ఆంటీ, ఆకులోది" అంది మెర్లిన్.

"అయ్యో, నేనూ వేశానే!" అన్నాడు నవీన్‌బాబు. "అంకుల్ 'ఎవరో ఒకరు ఉప్పెయ్యండీ' అంటే, జాడీలోంచి తీసి వేసేశా."

"ఎంత?"

అతను తన పెద్ద చెయ్యి చూపించి, గుప్పిటి సగం మూశాడు, మళ్ళీ తెరిచాడు. "ఇంత... ఏమో, సరిగా గుర్తులేదండీ."

మా ఆయన మొహం వెలిగిపోయింది. "ఏం ఫర్వాలేదు! ఇంకా మంచిదైంది. ఫోన్లు తియ్యండి, ఫోన్లు తియ్యండి. ఎంత ఎక్కువైందో, ఏం కలిపితే సరిపోతుందో ఇప్పుడు ఆవిడ వాసన చూసి చెప్పేస్తుంది. నాగవల్లీ, కానియ్!"

ఎనిమిది ఫోన్లు లేచాయి. గుమ్మం దగ్గర కుర్చీలో, ఫొటోల కోసం కట్టిన గద్వాల చీరలో, అత్తయ్య కూర్చుని చూస్తున్నారు. గూట్లో దేవుడి ముందు దీపం ఉంది, పక్కనే నైవేద్యం గిన్నె ఖాళీగా ఎదురుచూస్తోంది. నేను పులుసు మీదికి వంగాను.

ఆవిరి వెచ్చగా మొహానికి తగిలింది. కనురెప్పలు తడిశాయి. అంతకుమించి ఏమీ లేదు. 'సరిపోయింది' అనెయ్యొచ్చు. తర్వాత నోట్లో పెట్టుకున్నవాళ్ళు మొహాలు చిట్లిస్తే, తలనొప్పిగా ఉందనో ఏదో అనొచ్చు. అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ ఆ తెల్లటి ఆవిరిలో కొట్టు తలుపులు మళ్ళీ తెరుచుకున్నాయి, గోనెసంచుల మీద నుంచి ఎండ లోపలికి పడుతోంది, అమ్మ గరిటె పట్టుకుని నిలబడి ఉంది. "చాలా?" అంటోంది.

కళ్ళు తెరిచాను. గరిటె ముంచి, ఎడమ అరచేతిలో రెండు చుక్కలు వేసుకుని, నాలుకకి తగిలించాను.

ఉప్పు! భగవంతుడా, ఎంత ఉప్పు! వాసన పోయినా నాలుక నా దగ్గరే ఉంది. దాన్ని కట్టేసి మర్చిపోయానంతే. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఉప్పెక్కువైంది" అన్నాను.

"నాగవల్లీ!" మా ఆయన గొంతు తగ్గించి దగ్గరకి వచ్చారు. "దేవుడికింకా పెట్టలేదే! అందరి ముందూ ఏంటది?"

"నాకు వాసన రావట్లేదండీ. ఆషాఢం నుంచీ."

"మరి నాకు చెప్పొద్దూ?"

"చెప్పా. మీకు వస్తోందన్నారు."

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. ఫోన్లు ఒక్కొక్కటే కిందికి దిగాయి. అందరూ అత్తయ్య వైపు చూశారు. ఆవిడ కుర్చీ చేతులు పట్టుకుని లేచారు. డెబ్బై ఆరేళ్ళ మనిషి, అడుగులో అడుగు వేసుకుంటూ పొయ్యి దగ్గరకి వస్తుంటే నాకు కరివేపాకు చెట్టూ, దాని మొదట్లో పొగలు కక్కిన పులుసూ కనిపించాయి. మసిగుడ్డ తీసి గిన్నె చెవులు రెండూ గట్టిగా పట్టుకున్నాను. ఈసారి వదలను. ఎవరడిగినా వదలను.

అత్తయ్య మసిగుడ్డ అడగలేదు. నా ముందు అరచెయ్యి చాపారు.

"ఏదీ, ఎంత ఎక్కువైందో నన్నూ చూడనీ" అన్నారు.

రెండు చుక్కలు వేశాను. ఆవిడ కళ్ళు మూసుకుని నాకారు. పళ్ళు లేని దవడలు చాలాసేపు కదిలాయి. తర్వాత ఆశ్చర్యంగా నా మొహంలోకి చూశారు.

"వేడిగా ఉందే!" అన్నారు.

నాకు ఏడుపొచ్చింది. ఆవిడ మీద ఇన్నేళ్ళుగా దాచుకున్న కోపం పోయిందని చెప్పను, పోలేదు. కానీ ఆ కోపం పక్కన ఇంకేదో వచ్చి కూచుంది.

"సరే సరే" అన్నారు మా ఆయన, చేతులు మళ్ళీ వెనక్కి కట్టుకుంటూ. "అయిందేదో అయింది. ఇంత వేడినీళ్ళు, ఓ బెల్లంముక్క పడేసి అందరికీ సరిపడా చేసెయ్యి. టైమవుతోంది."

నేను చిన్న గిన్నె తీసుకుని రెండు గరిటెల పులుసు అందులో పోశాను. కాసిని వేడినీళ్ళు కలిపాను. నాకి చూశాను. పిసికి పెట్టిన చింతపండు రసం కొంచెం పోశాను. నాకాను. ఇంకొంచెం. కొట్టు మసకబారలేదు. అమ్మ అలాగే నిలబడి ఉంది, నేను చెప్పేది వినడానికి.

"ఇంకొంచెం పులుపు" అన్నాను పైకే.

మెర్లిన్ నా వైపు చూసింది. "ఇందాక అడిగావుగా, నాకు పులుపంటే ఇష్టమమ్మా. నోరు జివ్వుమనేంత పులుపుండాలి" అని చెప్పాను. నలభై ఆరేళ్ళ మనిషిని చిన్నపిల్లలా గర్వంగా చెప్పాను.

గోడకి వాల్చిన పీటలు రెండు తీసి వేశాను. ఒకటి నాకు, ఒకటి అత్తయ్యకి. రెండు విస్తళ్ళలో అన్నం, చిన్న గిన్నెలోని పులుసు వడ్డించాను. పొయ్యి మీద మిగతా పులుసు తెర్లుతూనే ఉంది. మా ఆయన వీపు వెనక నుంచి కుడిచెయ్యి ముందుకి లాగి, అందులో గరిటె పెట్టాను.

"నాకేం తెలుస్తుందే, సరిపోయిందో లేదో!" అన్నారు ఆయన, గరిటె ఎలా పట్టుకోవాలో తెలియనట్టు ఎత్తి పట్టుకుని.

"నాలుకుందిగా" అన్నాను, మొదటి ముద్ద వేడివేడిగా కలుపుకుంటూ.