కొంగబొమ్మ అట్ట

ఒడీలియా తలుపు కింద దోపిన పాత గుడ్డను లాగి బకెట్లోకి పిండింది. బురదరంగు నీళ్లు ఉప్పు వాసనతో కారాయి. గుడ్డను మళ్లీ మడిచి, గడప సందులోకి మడమతో కుక్కింది. పొద్దుటి నుంచి ఇది ఎన్నోసారో లెక్కపెట్టడం ఎప్పుడో మానేసింది. నోర్తె మొదలై మూడో రోజు. ఉత్తరాన సముద్రం మీంచి వచ్చే ఆ గాలి వానను నిలువుగా కురవనివ్వదు. పక్కవాటుగా తెచ్చి గోడలకేసి కొడుతుంది.

బడి మూశారు. రేవు మూశారు. కరెంటు నిన్ననే పోయింది. కిటికీ చెక్కలకు లోపలి నుంచి తాళ్లు బిగించి కట్టారు కనుక మధ్యాహ్నం రెండింటికి కూడా ఇంట్లో దీపం వెలుగుతోంది. మొదటి రోజు పదేళ్ల కూతురు యరేలి తన పుస్తకాలన్నిటికీ అట్టలు వేసుకుంది. రెండో రోజు ఒడీలియా ఇంట్లో ఉన్న చిరుగులన్నీ కుట్టింది, చివరికి ఊడని గుండీలు కూడా బిగించింది. మూడో రోజుకి అందరి చేతులూ ఖాళీ అయ్యాయి. అప్పుడు ఆమె అత్తగారు దోన్యా బెర్తీలా గోడమేకుకి వేలాడే గుడ్డసంచిని దించింది.

"రండి, రండి. ఊరికే కూచుంటే ఎముకల్లోకి చెమ్మ దిగుద్ది" అంది.

సంచిలో లోతెరీయా ఆట తాలూకు తొంభై చెక్కబిళ్లలు. ఒక్కోదాని మీద ఒక్కో బొమ్మ. వాటిని తీసి పాడే హక్కు ఆ ఇంట్లో పెద్దావిడ ఒక్కదానిదే. ఆమెకు ఆ సంచిని ఆమె అత్త ఇచ్చింది, ఆ అత్తకు వాళ్ల అత్త. బిళ్ల మీద ఏముందో పేరు చెప్పకూడదు. దాని మీద ఓ వంకర మాట కట్టి పాడాలి. విన్నవాళ్లు గళ్లగళ్లుగా బొమ్మలున్న తమ అట్ట మీద ఆ బొమ్మ ఉంటే మొక్కజొన్న గింజ పెట్టుకుంటారు. అయిదు గింజలు వరసగా పడితే గెలిచినట్టు, లోతెరీయా అని అరవాలి.

ఎవరి అట్ట వాళ్లదే. యరేలి అట్టకు ఓ మూల ఎలుక కొరికింది. ఒడీలియాది పెళ్లయిన ఏడాది వచ్చింది, ఇంకా కొత్తదాన్నే అన్నట్టు బిగిసి ఉంటుంది. దోన్యా బెర్తీలా ముందు మాత్రం రెండు అట్టలు. ఒకటి ఆమెది. రెండోది కొడుకు ఎవెలియోది. నట్టనడుమ కొంగబొమ్మ ఉన్న అట్ట. ఒకరి అట్ట మీద మరొకరు గింజ పెడితే అదృష్టం చెదిరిపోతుందంటారు కానీ, కన్నతల్లికి ఆ పట్టింపు లేదు. అతను సముద్రంలో చమురు తోడే రిగ్గు మీద పనిలో ఉన్నన్నాళ్లూ ఆమే అతని తరఫున గింజలు పెడుతుంది, గెలిస్తే ఆమే అరుస్తుంది. గెలిచినవాళ్లకు ఓ కొబ్బరుండ. అతను గెలిచిన ఉండలన్నీ కాగితాల్లో చుట్టి అలమర మీద మట్టిజాడీలో పడతాయి. ఇప్పుడు అందులో పదకొండున్నాయి.

"మామ్మా, నాన్నవి చీమలు తింటాయి. ఒకటి నేను తినేదా?" అంది యరేలి.

"మీ నాన్న వచ్చి నీకు పెడతాడు. అప్పటిదాకా ఉమ్మి మింగు."

ఎదురింటి లీగియా పకపకా నవ్వింది. ఆమె ఇంటి పైకప్పు రెండు చోట్ల కారుతోంది. గిన్నెలు పెట్టి వచ్చి, పొద్దుటి నుంచి ఇక్కడే పాతుకుపోయింది. "మీ ఎవెలియో లేకుండానే పదకొండు గెలిచాడు దోన్యా. మా ఆయన పక్కన కూచుని ఒక్కటీ గెలవడు" అంది.

"మీ ఆయన గెలిచాడుగా ఒకసారి. నిన్ను. అప్పట్నుంచి లేవలేదు."

అందరూ నవ్వారు. ఒడీలియా కూడా నవ్వింది. నవ్వుతూనే తలుపు వైపు చూసింది.

ఎవెలియో రిగ్గు మీద లేడు. ఇరవై రెండు రోజుల కిందటే ఒడ్డు దిగాడు. దిగినవాడు ఇంటికి రాకుండా బస్సెక్కి, పక్క రాష్ట్రంలో ఉన్న ఎవరో ఆమె దగ్గరికి వెళ్లిపోయాడు. అక్కడి నుంచి ఫోన్ చేసి రెండే మాటలు అన్నాడు. "నేనింక రాను. అమ్మకి నువ్వే ఎలాగో చెప్పు."

ఆ ఎలాగో ఏమిటో ఒడీలియాకు తెలియలేదు. మొదటి వారం, ఎవరికో బదులు డ్యూటీ చేస్తున్నాడంది. రెండో వారం, మనుషులు చాలక ఆపేశారంది. మూడో వారం ఇక అబద్ధాలు దొరకని వేళ నోర్తె వచ్చింది. రేవు మూస్తే సిబ్బంది పడవలు కదలవు. ఏ ఇంటి మగాడు రాకపోయినా ఆ ఊళ్లో ఎందుకని ఎవరూ అడగరు. రేవు మూశారంటే చాలు, విన్నవాళ్లు తలూపి వెళ్లిపోతారు.

ఇల్లు అత్తగారిది. ముప్పై ఏళ్లు రొయ్యల తలలు తుంచి, గోళ్లు అరగదీసుకుని కట్టుకున్న ఇల్లు. కొడుకు ఉంటేనే కోడలు. ఆ కొడుకే కాదనుకున్నాక, తాను పొద్దుటి నుంచి గుడ్డ పిండుతున్న ఈ గడప కూడా తనది కాదు. అమ్మ పోయింది. అన్న ఇంట్లో ఒకే గది, అందులో ఆరుగురు. యరేలిని తీసుకుని ఎక్కడికి వెళ్లాలి? ఈ గాలి ఇంకో నాలుగు రోజులు ఆగకుండా వీస్తే బావుండునని, ఊరంతా కొవ్వొత్తులు వెలిగించి ఆగమని మొక్కుకుంటుంటే, ఆమె ఒక్కతే లోపల్లోపల మొక్కుకుంటోంది.

"ముళ్లచొక్కా తొడుక్కుని తల నిండా ఈకలు దోపుకున్న దొర!" పాడింది దోన్యా బెర్తీలా.

"అనాస! నాకుంది!" యరేలి గింజ పెట్టింది.

"ఇనప గోరు, సముద్రాన్ని గీరు!"

"లంగరు." లీగియా పెట్టింది. దోన్యా బెర్తీలా కొడుకు అట్ట మీదా ఓ గింజ పెట్టి, అది జారకుండా వేలితో నొక్కింది.

"నోరుంది, నాలుకుంది, ఎవరూ లాగకపోయినా మోగుతానే ఉంటుంది!"

"అది గంట కాదు, నన్నే అంటున్నారు" అని లీగియా మూతి ముడిచింది.

"రెండూ ఒకటే. గింజ పెట్టుకో."

అప్పుడే తలుపు దబదబా మోగింది. ఒడీలియా గుడ్డ తీసి గడియ లాగేసరికి గాలితో పాటు తిర్సో లోపల పడ్డాడు. ఎవెలియోతో కలిసి పనిచేసేవాడు. భుజాన తడిసిన గోనెసంచి.

"నమస్కారం అమ్మా, నమస్కారం వదినా. ఇవిచ్చేసి పోతాను. ఎల్లుండి మా ఊరెళ్లాలి, ఈ గాలి చూస్తే తగ్గేలా లేదు." సంచిని నేలమీద పెట్టాడు. "ఎవెలియో సామాను. కొత్తవాడికి ఆ లాకరు ఇవ్వాలంట, ఖాళీ చెయ్యమన్నారు."

సంచి మూతి విచ్చుకుంది. పచ్చ రెయిన్‌కోటు, దాని కింద ఇనప ముక్కుల బూట్లు.

ఇంట్లో మిగతావాళ్లకు సంగతి తెలియదని తిర్సోకు తెలియదు. ఒడీలియా అతని కళ్లలోకి చూసి, కదిలిందో లేదో అన్నంత చిన్నగా తల అడ్డంగా ఊపింది. అతని నోరు సగం తెరుచుకుని ఆగిపోయింది.

"నువ్వెప్పుడు దిగావు నాయనా?" అడిగింది దోన్యా బెర్తీలా.

"శుక్రవారం అమ్మా. గాలి మొదలవకముందే. మా బ్యాచ్ అంతా..." అని నాలుక కరుచుకున్నాడు.

"ఎవెలియో?"

"ఆడు... ఆడింకా అక్కడే ఉన్నాడమ్మా."

"బూట్లిక్కడుంటే అక్కడ ఒట్టికాళ్లతో తిరుగుతున్నాడా ఏంటి?" లీగియా నవ్వింది.

"కంపెనీ కొత్తవిచ్చింది" అన్నాడు తిర్సో. అంటూ తన కాళ్లవైపు చూసుకున్నాడు. అతని కాళ్లకు అడుగు అరిగిపోయిన పాత బూట్లే ఉన్నాయి.

దోన్యా బెర్తీలా ఆ గోనెసంచి వైపు చాలాసేపు చూసింది.

"వానలో వచ్చినవాడిని నిలబెట్టి పంపితే ఇంటికి మంచిది కాదు. కూచో. పిల్లా, అతనికో అట్ట ఇవ్వు. ఒడీలియా, కాఫీ పెట్టు."

తిర్సో తడిబట్టలతో బల్ల అంచున కూచున్నాడు. ఒడీలియా కాఫీ ఇచ్చి అత్త పక్కనే కూచుంది. ఆట మళ్లీ మొదలైంది. పెద్దావిడ గొంతులో ఏ తేడా లేదు. కడుపు ఖాళీ, కేక పెద్దది అని డోలుకి పాడింది. చెక్క చెప్పులో పదిమంది అని పడవకి పాడింది. పడవ ఎవెలియో అట్ట మీద ఉంది. గింజ పెట్టింది. ఇప్పుడు నడిమి వరసలో నాలుగు గింజలు. ఖాళీ ఒక్కటే, కొంగ.

"మామ్మా, నాన్న గెలుస్తాడు! ఒక్కటే కావాలి!" యరేలి లేచి నిలబడింది.

దోన్యా బెర్తీలా సంచిలో చెయ్యి పెట్టి కలిపింది. బిళ్ల తీసింది. దీపానికి దగ్గరగా పట్టుకుని చూసింది. పక్కనున్న ఒడీలియాకు కూడా కనిపించింది. పొడుగు మెడ, ఒంటికాలు. కొంగ.

పెద్దావిడ పెదవి తెరుచుకుంది, మూసుకుంది. గాలికి రేకులు గడగడలాడాయి. ఆమె బిళ్లను గుప్పిట్లో మూసి మెల్లగా సంచిలోకి వదిలి, ఇంకోటి తీసింది.

"ఇంటికి కాపలా, ఇంటివాడికే అరుపు" అంది.

"కుక్క!" తిర్సో గబుక్కున గింజ పెట్టాడు. అయిదు పడ్డాయి. "లోతెరీయా" అన్నాడు, తప్పు చేసినవాడిలా.

పన్నెండేళ్లుగా ఆ ఇంట్లో ఆడుతోంది ఒడీలియా. తీసిన బిళ్లను అత్త తిరిగి సంచిలో వేయడం ఎన్నడూ చూడలేదు. వాళ్లింటి ఆటలో ఓసారి అలా వేసినందుకు సొంత మరదలితో ఏడాదిపాటు మాట్లాడని మనిషి ఆమె. అత్తకు తెలిసిపోయింది. ఇప్పుడే కాదేమో, ఎప్పటి నుంచో కొంచెం కొంచెంగా తెలుస్తూనే ఉందేమో.

తిర్సో తన కొబ్బరుండ తినకుండా జేబులో వేసుకుని లేచాడు. సందులో మోకాలి లోతు నీళ్లున్నాయని, లీగియాను దాటిస్తానని అన్నాడు. లీగియా వెళ్లే ముందు బూట్ల వైపు ఒకసారి, ఒడీలియా ముఖం వైపు ఒకసారి చూసింది. సాయంత్రానికి ఈ వార్త తడవకుండానే వీధి దాటుతుంది.

తలుపు మూసి, ఒడీలియా గుడ్డను మళ్లీ కుక్కింది. వెనక్కి తిరగాలంటే భయమేసింది.

"ఎన్నాళ్లైంది?" అంది దోన్యా బెర్తీలా.

"ఇరవై రెండు రోజులు అత్తయ్యా."

"ఆడదాని వెంటేనా?"

"అవును."

"ఇరవై రెండు రోజులు నా చేత వాడికి గింజలు పెట్టించావు. ఆ లీగియా ముందు నేను వాడి తరఫున అరుస్తుంటే చూస్తూ కూచున్నావు."

"మీరు తట్టుకోలేరని..." అని మొదలెట్టింది ఒడీలియా. అది నిజం కాదు. కనీసం పూర్తి నిజం కాదు. "ఈ ఇల్లు మీది అత్తయ్యా. ఆయన రానన్నాక నేనిక్కడ ఎవరిని? మీరు పొమ్మంటే ఈ పిల్లనేసుకుని ఎక్కడికి పోను? అందుకే చెప్పలేదు."

దోన్యా బెర్తీలా కసురుతుందనుకుంది. ఏడుస్తుందనుకుంది. పెద్దావిడ రెండూ చేయలేదు. కొడుకు అట్టను రెండు చేతులా ఎత్తి వంచింది. గింజలు టపటపా డబ్బాలో పడ్డాయి. ఒకటి కింద పడి దొర్లితే యరేలి తీయబోయి, మామ్మ ముఖం చూసి ఆగిపోయింది.

"నాన్నకేమైంది?" అంది పిల్ల.

పెద్దావిడ లేచి అలమర మీంచి జాడీ దించి యరేలి ముందు పెట్టింది. మూత తీస్తే ఉండలన్నీ చెమ్మకు మెత్తబడి, కాగితాలకు అంటుకుని ఉన్నాయి. యరేలి ఒకటి తీసుకుంది కానీ నోట్లో పెట్టుకోలేదు. తర్వాత పెద్దావిడ గుడ్డసంచి మూతి తాడును బిగించి ముడివేసింది. ఆ ముడిని కాసేపు వేళ్లతో తడిమింది. సంచిని తెచ్చి, బల్ల దగ్గరకొచ్చి కూచున్న కోడలి ఒళ్లో పడేసింది. ఇచ్చిందో, విసిరిందో చెప్పడం కష్టం. ఒడీలియా దాన్ని పట్టుకోవాలో వద్దో తెలియక, రెండు చేతులూ గాలిలోనే ఉంచుకుని కూచుంది. బరువు మాత్రం ఒళ్లో తెలుస్తోంది.

"అత్తయ్యా, ఇది..."

దోన్యా బెర్తీలా వినలేదు. గోనెసంచి దగ్గర నేలమీద కూచుని కొడుకు బూట్లు తొడుక్కుంటోంది. అవి ఆమె కాళ్లకు రెండింతలున్నాయి. మడమ దగ్గర వదులుగా ఉంటే, తలకు కట్టుకున్న గుడ్డ విప్పి రెండు ముక్కలుగా చింపి దోపుకుంది. పచ్చ రెయిన్‌కోటు వేసుకుంది. చేతులు కప్పుకుపోతే మడుచుకుంది. గోడ పట్టుకుని లేచింది.

"ఈ వానలో ఎక్కడికి? రేవు మూశారు, బస్సులూ లేవు. అత్తయ్యా!"

గడప సందులోని గుడ్డను ఆమె బూటు ముక్కుతో పక్కకు తోసింది. గడియ తీసింది. వాన అడ్డంగా వచ్చి దీపాన్ని ఆర్పేసింది. చీకటిపడిన గదిలో యరేలి ఉండను గుప్పిట్లో నలుపుతూ నిలబడింది. తెరిచిన తలుపు గుండా నీళ్లు సన్నగా లోపలికి పాకి, బల్లకాళ్ల దాకా వచ్చాయి. కోడలి వైపు గానీ పిల్ల వైపు గానీ చూడకుండా, దోన్యా బెర్తీలా ఆ పెద్ద బూట్లను ఈడ్చుకుంటూ సందు నీళ్లలోకి దిగి, బస్సులాగే చోటు వైపు వెళ్లిపోయింది.