తలుపు పడని ఓవెన్

ప్రెస్సు మిషన్‌కి వేళ్లు నలగకుండా ఉండాల్సిన రక్షణ జాలీని తీగతో పక్కకు కట్టేసి పని చేయించారని ఫ్యాక్టరీ గేటు మూయించి, యాజమాన్యం ముక్కు పిండి తప్పు ఒప్పించినవాడు మా యూనియన్ కార్యదర్శి. కార్మికుడి వేలంటే ప్రాణమేనని మైకులో అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్న మహానుభావుడు.

ఆ మహానుభావుడి ఇంట్లో మైక్రోవేవ్ ఓవెన్ తలుపు కొక్కెం విరిగింది. తలుపు సరిగా పడకపోతే ఓవెన్ నడవదు. నడవకూడదనే దాన్ని అలా చేశారు. మనవాడు ఊరుకుంటాడా? విరిగిన ముక్కను కన్నంలో దూర్చి, తలుపు పడిందని ఓవెన్‌ని నమ్మించాడు. వేలెడు సందున్నా లోపల పళ్లెం గిరగిరా తిరిగింది.

"చూశావా, బుర్రంటే ఇదీ!" అని మీసం దువ్వాడు.

ఆ సందుకు ఎదురుగా రోజూ నిలబడేది ఆ బుర్ర కాదు, ఆయన భార్య. ఓవెన్ పెట్టిన గోడ అర సరిగ్గా ఆవిడ ముఖమంత ఎత్తులో ఉంటుంది. వారం ఓపిక పట్టి ఆవిడ అంది:

"ఏమండీ, బాగు చేయించేదాకా వాడొద్దు. లోపల కూరని ఉడికించేదేదో బయటికొచ్చి నా కళ్లని ఉడికిస్తే?"

"ఇన్నాళ్లూ నడిచిందిగా, నీకేమన్నా అయిందా?"

"అయ్యాక చెప్పాలా?"

"బాగుకిస్తే ఇంట్లో పని ఆగిపోతుందే. అందాకా నువ్వే కాస్త పక్కకు జరిగి నిలబడు."

ఆవిడ అన్నయ్య అక్కడే కూర్చుని టీ తాగుతున్నాడు. గ్లాసు కింద పెట్టి పగలబడి నవ్వాడు. జాలీ కట్టేసిన ఆ ప్రెస్సు మిషన్ మీద పనిచేసింది ఆయనే.

"ఈ మాటలు ఎక్కడో విన్నాను బావా! మేనేజరు గానీ నీ చెవిలో ఊది పంపాడా?"

"ఫ్యాక్టరీ వేరు, ఇల్లు వేరు బావా!"

"వేరే మరి," అంది ఆవిడ. "అక్కడ జీతమన్నా ఇస్తారు."

అని ప్లగ్గు పీకేసింది. తీగ చుట్ట చుట్టి ఓవెన్ మీద పడేసి, "తీసుకెళ్తారా, బయట పారేయమంటారా?" అంది.

కార్యదర్శి చర్చలకు పిలిచాడు. ఆవిడ రాలేదు. ఓవెన్ భుజానికెత్తుకుని బాగుచేసే షాపుకి నడిచాడు.

షాపువాడు తలుపు తీసి, వేసి, పెదవి విరిచాడు. "చట్రమే వంకర పోయింది సార్. కొత్త కొక్కెం వేసినా సందు పోదు. దీన్ని మళ్లీ ప్లగ్గులో పెట్టకండి."

"ఏదో ఒక కిటుకుంటుంది కదయ్యా..."

"మీరు వేసిన కిటుకు చాల్లెండి."

ఉత్త చేతులతో ఇంటికొచ్చి గుమ్మంలో నిలబడి గొంతు సవరించుకున్నాడు. "నీ ఆరోగ్యం ముఖ్యమని ఆ ఓవెన్‌ని వదిలించుకోవాలని నేనే నిర్ణయించాను!"

బావ చప్పట్లు కొట్టాడు. ఆవిడ కొట్టలేదు.

"కూర చల్లారిపోయింది. పొయ్యి మీద వేడి చేసుకోండి."

"నేనా?"

"మేమిద్దరం తినేశాం."

కార్యదర్శి గారు పొయ్యి వెలిగించారు. కూర అడుగంటింది. గిన్నె తోమింది కూడా ఆయనే. మధ్యలో జారుకోకుండా బావ కాపలా కాశాడు.